అంకె ఒక్కటే చూడకండి, దాని పక్కనున్న అంకె చూడండి

మీ ప్రశ్న ఇది: అమెరికా వచ్చి రెండేళ్ళయింది, ఆఫీసులో లంచ్ దగ్గర అందరూ బేస్‌బాల్ రికార్డులు చెప్పుకుని మురిసిపోతుంటారు, ఆట రూల్స్ ఓ మోస్తరుగా అర్థమయ్యాయి గానీ ఆ అంకెల్లో అంత ఆనందం ఏముందో అంతు చిక్కడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏమేం గుర్తుపెట్టుకోవాలి?

నేను బాల్టిమోర్ దగ్గర పాతికేళ్ళుగా ఉంటున్నాను, అందులో పదకొండేళ్ళు మా ఊరి పిల్లల లీగ్‌లో స్కోర్‌బుక్ రాశాను, కాబట్టి నాకు పనికొచ్చిన పద్ధతే చెప్తాను. రికార్డులు బట్టీ పట్టకండి. 762, 511, 56 అని వరసగా నేర్చుకుంటే అవి ఫోన్ నంబర్లలా ఉంటాయి, వారం తిరిగేసరికి మర్చిపోతారు. ఏ రికార్డు విన్నా దాని పక్కన ఇంకో అంకె ఏముందో వెతకండి. మజా అంతా అక్కడుంటుంది.

ఇది మనకు కొత్త కాదు. బ్రాడ్‌మన్ సగటు 99.94 అని క్రికెట్ చూసే ఎవర్ని లేపి అడిగినా చెప్తారు. కానీ ఆ అంకె మీద మనకంత ప్రేమ ఎందుకంటే దాని పక్కన 4 ఉంది కాబట్టి. 1948లో ఓవల్‌లో ఆఖరిసారి బ్యాటింగ్‌కి దిగినప్పుడు నాలుగు పరుగులు చేసుంటే సగటు వంద అయ్యేది, ఆయన రెండో బంతికే డకౌట్. అసలు బేస్‌బాల్ లెక్కలకి కూడా పునాది వేసింది క్రికెట్ మనిషే. హెన్రీ చాడ్విక్ అని, ఇంగ్లండులో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చినాయన, పత్రికలకి క్రికెట్ వార్తలు రాసేవాడు, తర్వాత బేస్‌బాల్ మీద మనసుపడి దానికి కూడా స్కోర్‌కార్డు లాంటిది తయారుచేశాడు, దాన్నే బాక్స్ స్కోర్ అంటారు. స్ట్రైకౌట్‌కి, అంటే మూడు స్ట్రైకులతో బ్యాటర్ అవుటవడానికి, స్కోర్‌బుక్‌లో ఎస్ కాకుండా కె ఎందుకు రాస్తారని మీకు అనుమానం వచ్చే ఉంటుంది, అదీ ఆయన పెట్టిందే, 'స్ట్రక్' అనే మాటలో ఆఖరి అక్షరం అది.

మొదలుపెట్టాలంటే 1941తో మొదలుపెట్టండి. ఆ ఏడాది న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు జో డిమాజియో వరసగా 56 మ్యాచుల్లో కనీసం ఒక్క హిట్టయినా కొట్టాడు (బంతి కొట్టి అవుటవకుండా బేస్ చేరితే హిట్), మే 15 నుంచి జూలై 16 దాకా. ఇప్పటిదాకా ఎవరూ దాన్ని దాటలేదు. జూలై 17న క్లీవ్‌లాండ్‌లో అది ఆగిపోయింది, ఎందుకంటే థర్డ్ బేస్‌లో కెన్ కెల్ట్‌నర్ అనే ఫీల్డర్ హిట్టయిపోయిందనుకున్న బంతుల్ని రెండుసార్లు అందుకుని ఫస్ట్ బేస్‌కి విసిరాడు. మామూలు వాళ్ళు ఇక్కడితో ఆపేస్తారు. పక్క అంకె చూడండి: ఆ మర్నాటి నుంచి డిమాజియో మళ్ళీ వరసగా 16 మ్యాచుల్లో హిట్ కొట్టాడు. అంటే 73 మ్యాచుల్లో 72! కెల్ట్‌నర్ ఆ రోజు ఒక్క అడుగు పక్కన నిలబడి ఉంటే ఇవాళ మనం ఏ అంకె చెప్పుకుంటూ ఉండేవాళ్ళమో ఆలోచించండి.

ఇంకో పక్కకి కూడా చూడండి. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ సగటంటే పరుగులు కాదు, లెక్కలోకి వచ్చే అవకాశాల్లో ఎన్నిసార్లు హిట్ కొట్టాడన్నది, పదింటికి మూడు కొడితే .300, మంచి బ్యాటర్ అన్నట్టు. ఆ 56 మ్యాచుల్లో డిమాజియో సగటు .408. అవే రోజుల్లో బోస్టన్ రెడ్ సాక్స్‌కి ఆడుతున్న టెడ్ విలియమ్స్ సగటు .412! దేశమంతా డిమాజియో ఈరోజు కొట్టాడా లేదా అని రేడియోకి చెవులప్పగించి కూర్చుంటే, ఇంకో ఊళ్ళో ఇంకొకడు అంతకంటే ఎక్కువ కొడుతున్నాడు. సీజన్ ఆఖరి రోజు పొద్దున విలియమ్స్ 448 అవకాశాల్లో 179 హిట్లతో ఉన్నాడు, భాగిస్తే .39955, రికార్డు పుస్తకంలో రౌండ్ చేసి .400 అని వేసేస్తారు. కావాలంటే ఈరోజు కూర్చో అని మేనేజర్ చెప్పాడు. కూర్చోలేదు. ఫిలడెల్ఫియాలో ఆ రోజు రెండు మ్యాచులు, రెండూ ఆడాడు, ఎనిమిదింటికి ఆరు కొట్టాడు, .406 దగ్గర ఆగాడు. అప్పటికతనికి 23 ఏళ్ళు. అమెరికన్, నేషనల్ లీగుల్లో ఆ తర్వాత ఒక సీజన్‌లో .400 అందుకున్నవాళ్ళు లేరు. నాకు .406 కన్నా ఆ .39955 ఎక్కువ ఇష్టం, ఎందుకంటే చేతిలో ఉన్నదాన్ని పణంగా పెట్టాడని చెప్పేది ఆ అంకె.

పెద్ద రికార్డు పక్కన అదే మనిషి ఓటమి కూడా ఉంటుంది, అది తప్పకుండా చూడండి. సై యంగ్ పిచర్‌గా, అంటే బంతి వేసేవాడిగా, 511 మ్యాచులు గెలిచాడు, ఎవరూ దరిదాపుల్లో లేరు. అందరికంటే ఎక్కువ ఓడిన పిచర్ కూడా ఆయనే, మూడు వందలకు పైగా. నోలన్ రయన్ 27 సీజన్లు ఆడి 5,714 స్ట్రైకౌట్లు చేశాడు, ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ ముగిస్తే నో హిట్టర్ అంటారు, అలాంటివి ఏడు వేశాడు. బ్యాటర్లకి ఉత్తపుణ్యానికి బేస్ ఇచ్చేయడాన్ని వాక్ అంటారు కదా, అందులోనూ రికార్డు ఆయనదే, 2,795. రికీ హెండర్సన్ 1,406 బేసులు దొంగిలించాడు, అంటే బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరాడు, దొంగిలించబోయి అందరికంటే ఎక్కువసార్లు, 335 సార్లు, దొరికిపోయిందీ ఆయనే. వీళ్ళ గొప్పతనం ఈ రెండో అంకె వల్ల తగ్గదు. 335 సార్లు అందరి ముందూ అవుటై, బట్టలకి మట్టి దులుపుకుని వెళ్ళి, మళ్ళీ బేస్ మీదకి రాగానే పరిగెత్తాడు కాబట్టే 1,406 వచ్చాయి.

రయన్, హెండర్సన్ ఇద్దరి గురించీ ఇంకోటుంది, ఇది నాకు చాలా ఇష్టం. 1991 మే 1న మధ్యాహ్నం హెండర్సన్ 939వ బేస్ దొంగిలించి లూ బ్రాక్ రికార్డు దాటాడు. ఆ రాత్రే ఇంకో ఊళ్ళో 44 ఏళ్ళ రయన్ ఏడో నో హిట్టర్ వేశాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1989 ఆగస్టులో, రయన్ 5,000వ స్ట్రైకౌట్ చేసినప్పుడు ఎదురుగా బ్యాట్ పట్టుకుని ఉన్నది ఎవరనుకుంటున్నారు? హెండర్సనే.

బ్యారీ బాండ్స్ హోమ్ రన్లు (బంతిని గోడ దాటించే దెబ్బలు, మన సిక్సర్ లాంటివి) మీ లంచ్ టేబుల్ దగ్గర కచ్చితంగా వచ్చే ఉంటాయి, ఒక సీజన్‌లో 73, మొత్తం 762. ఆయన చుట్టూ స్టెరాయిడ్ల వివాదం ఉంది, దిగ్గజాల గౌరవ జాబితా హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఇంతవరకు ఎన్నిక కాలేదు, ఆ వాదనలోకి దిగితే లంచ్ టైమ్ అయిపోతుంది. నేను చూడమనేది 2004లో ఆయన వాకులు: 232. అందులో 120 కావాలని ఇచ్చినవి, అంటే 'నీకు బంతి వెయ్యం బాబూ, వెళ్ళి ఫస్ట్ బేస్‌లో నిలబడు' అని ప్రత్యర్థులు చేతులెత్తేసినవి. 1998 మే 28న అరిజోనా టీమ్ అయితే ఇంకా ముందుకెళ్ళింది. తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, మూడు బేసుల మీదా మనుషులు, అరిజోనా 8-6తో ముందుంది, బాండ్స్ వచ్చాడు. ఇప్పుడు వాక్ ఇస్తే ఒక పరుగు ఊరికే ఇచ్చినట్టే. మేనేజర్ బక్ షోవాల్టర్ ఇచ్చేయమన్నాడు. 8-7 అయింది. తర్వాతి బ్యాటర్ కొట్టిన బంతి నేరుగా ఫీల్డర్ చేతిలో పడింది, అరిజోనా గెలిచింది. ఒక బ్యాటర్ అంటే ఎంత భయమో 73 చెప్పదు, ఈ ఒక్క పరుగు చెప్తుంది.

హ్యాంక్ ఆరన్ కెరీర్ హోమ్ రన్లు 755. అందులోంచి మొత్తం 755 తీసేయండి, ఒక్క హోమ్ రన్ కూడా కొట్టలేదనుకోండి. అప్పటికీ ఆయన దగ్గర 3,016 హిట్లు మిగులుతాయి. మూడువేల హిట్లు దాటితే అదే ఒక పెద్ద క్లబ్! బేబ్ రూత్ కొట్టిన 714ని ఆరన్ దాటబోతున్నప్పుడు నల్లజాతి మనిషి ఆ రికార్డు దాటడానికి వీల్లేదని ఆయనకి చంపుతామంటూ ఉత్తరాలు వచ్చాయి. ఆ టెన్షన్ మధ్య 1974 ఏప్రిల్ 8న 715వది కొట్టాడు. ఆరన్ జెర్సీ నంబర్ 44, ఆ బంతి వేసిన ఆల్ డౌనింగ్ జెర్సీ నంబరూ 44.

ఇంక రికార్డులు మారిపోవడం. రాతి మీద చెక్కినట్టు కనిపిస్తాయి గానీ ప్రతి అంకెనీ ఎవరో ఒక మనిషి పెన్సిల్‌తో రాశాడు, రాసేటప్పుడు చెయ్యి తప్పుతుంది. ఇది నాకు స్కోర్‌బుక్ రాస్తేగానీ తెలియలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం షార్ట్‌స్టాప్ ఆడే తొమ్మిదేళ్ళ పిల్లాడి గ్లవ్‌కి తగిలి బంతి జారిపోయింది, నేను ఈ-6 అని రాశాను, అంటే ఆరో నంబర్ ఫీల్డర్ తప్పు. ఇన్నింగ్స్ అవగానే ఆ పిల్లాడు మోకాళ్ళ నిండా ఎర్రమట్టితో నా బల్ల దగ్గరికొచ్చి, పుస్తకంలోకి తొంగిచూసి, "అది ముందు నేలకి తగిలి పక్కకి ఎగిరింది" అన్నాడు. నిజమే, అక్కడ ఓ గులకరాయి ఉంది, వెళ్ళి చూశాను. తుడిచి హిట్ అని దిద్దాను. కొట్టిన పాప సగటు పెరిగింది, పిచింగ్ చేస్తున్న పిల్లాడికి ఇంకో హిట్ పడింది. ఒక్క అక్షరం మారిస్తే ముగ్గురి లెక్కలు మారాయి.

పెద్ద లీగుల్లోనూ ఇదే. 1930లో హ్యాక్ విల్సన్ ఖాతాలో 190 ఆర్‌బీఐలు పడ్డాయి, అంటే అతని బ్యాటింగ్ వల్ల టీముకి వచ్చిన పరుగుల లెక్క. దశాబ్దాలపాటు 190 అనే అందరూ నేర్చుకున్నారు. పరిశోధకులు పాత కాగితాలు తిరగేస్తే అతనికి రావలసిన ఒకటి సహ ఆటగాడు చార్లీ గ్రిమ్ ఖాతాలో పడిందని తేలింది, 1999లో అధికారికంగా 191 చేశారు. 69 ఏళ్ళు పట్టింది. విల్సన్ 1948లోనే చనిపోయాడు, అప్పటికే యాభై ఏళ్ళు దాటాయి.

టై కాబ్ కథ ఇంకా బావుంటుంది. 1910లో ఎక్కువ సగటు ఉన్నవాడికి చామర్స్ కంపెనీ కారు ఇస్తామంది. కాబ్‌కీ నాప్ లజోయ్‌కీ పోటీ. చాలామందికి కాబ్ అంటే గిట్టదు. ఆఖరి రోజున సెయింట్ లూయిస్ టీమ్ తమ థర్డ్ బేస్ కుర్రాణ్ణి బాగా వెనక్కి నిలబెట్టింది, లజోయ్ బంతిని మెల్లగా అటు తోస్తూ రెండు మ్యాచుల్లో కలిపి ఎనిమిది హిట్లు కొట్టాడు. గొడవైంది, కంపెనీ ఇద్దరికీ చెరో కారు ఇచ్చేసింది. తర్వాత డెబ్బై ఏళ్ళకి తేలిందేమిటంటే కాబ్ ఆడిన ఒక మ్యాచ్‌ని, మూడింటికి రెండు హిట్లు కొట్టింది, రెండుసార్లు ఎక్కించారు. అవి తీసేస్తే కాబ్ మొత్తం హిట్లు 4,191 కాదు, 4,189.

ఇప్పుడు పక్క అంకె చూడండి. 1985 సెప్టెంబర్ 11న సిన్సినాటిలో పీట్ రోజ్ 4,192వ హిట్ కొట్టి కాబ్‌ని దాటాడు, స్టేడియం దద్దరిల్లింది, ఆట ఆపి మరీ చప్పట్లు కొట్టారు. కానీ అసలు లెక్క 4,189 అయితే, దాన్ని దాటింది మూడ్రోజుల ముందు, సెప్టెంబర్ 8న షికాగోలో, మొదటి ఇన్నింగ్స్‌లో. ఆ రోజు రోజ్ ఆడాల్సిందే కాదు. ప్రత్యర్థి ఎడమచేతి పిచర్ సైకిల్ మీంచి పడి దెబ్బ తగిలించుకుంటే కుడిచేతి పిచర్‌ని దింపారు, అప్పుడు రోజ్ తన పేరు రాసుకున్నాడు, అప్పట్లో ఆ టీమ్ మేనేజర్ కూడా ఆయనే.

అన్నిటికంటే పెద్ద దిద్దుబాటు ఈమధ్యే జరిగింది. నల్లవాళ్ళని మేజర్ లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వాళ్ళు ఆడుకున్న నీగ్రో లీగుల లెక్కల్ని 2024 మే 29న అధికారిక రికార్డుల్లో కలిపారు. పాత ఊరి పేపర్లలో అచ్చయిన బాక్స్ స్కోర్లు ఒక్కొక్కటీ ఏరి, కూడి, సరిచూసి చేసిన పని అది, ఏళ్ళు పట్టింది. దాంతో కెరీర్ సగటులో మొదటి స్థానం టై కాబ్ .367 నుంచి జాష్ గిబ్సన్ .372కి మారింది. ఒక సీజన్ రికార్డు కూడా గిబ్సన్‌దే అయింది, 1943లో .466. గిబ్సన్ 1947 జనవరిలో 35 ఏళ్ళకే పోయాడు. జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టింది అదే ఏడాది ఏప్రిల్ 15న. మధ్యలో మూడు నెలలు కూడా నిండలేదు. ఈ లెక్కలు కలపడం మీద మీ టేబుల్ దగ్గర వాదన రావచ్చు, వాళ్ళ సీజన్లు చిన్నవి, పోల్చకూడదు అని. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: సీజన్ చిన్నదవడం ఆయన ఎంపిక కాదు, కొట్టిన హిట్లు మాత్రం ఆయనవి, కాబట్టి పుస్తకంలో ఉండాల్సిందే.

గుండె పిండేసే అంకెలు కూడా ఉన్నాయి. 1959 మే 26న మిల్వాకీలో పిట్స్‌బర్గ్ పిచర్ హార్వీ హాడిక్స్ వరసగా 36 మందిని అవుట్ చేశాడు, ఒక్కరు కూడా బేస్ మీదకి రాలేదు, పన్నెండు ఇన్నింగ్స్ పెర్ఫెక్ట్. తొమ్మిది ఇన్నింగ్స్ అలా వేస్తేనే చరిత్ర. మరి అతని టీమ్? పన్నెండు హిట్లు కొట్టి ఒక్క పరుగు చేయలేదు. పదమూడో ఇన్నింగ్స్‌లో హాడిక్స్ 1-0తో ఓడిపోయాడు. ఆ గెలుపు బంతి నిజానికి గోడ దాటింది, కానీ కొట్టిన జో ఆడ్‌కాక్ ముందున్న ఆరన్‌ని దాటి పరిగెత్తేసరికి హోమ్ రన్ కాస్తా డబుల్, అంటే రెండు బేసుల హిట్, అయింది. ఓడిన పిచర్, తగ్గిన హోమ్ రన్, ఒకే బంతిలో.

మన వాళ్ళకి చెప్పేటప్పుడు నేను వాడే పోలిక ఒకటుంది. ఎర్నీ బ్యాంక్స్ షికాగో కబ్స్‌కి 2,528 మ్యాచులు ఆడి 512 హోమ్ రన్లు కొట్టాడు, ప్లేఆఫ్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేదు. మన వీవీఎస్ లక్ష్మణ్ 134 టెస్టులు ఆడి ఒక్క వన్డే ప్రపంచకప్ మ్యాచ్ ఆడలేదు. హైదరాబాదీ ఎవరికైనా ఇది చెప్పండి, బ్యాంక్స్ గురించి ఇంకేం వివరించనక్కర్లేదు.

ఇవన్నీ పాతవి, ఇప్పుడేం మిగిలింది అంటారేమో. 2024 జూన్ 26న బోస్టన్‌లో డానీ జాన్సెన్ టొరంటో తరఫున బ్యాటింగ్ చేస్తున్నాడు, ఇంతలో వాన, ఆట ఆగింది. నెల తర్వాత టొరంటో అతన్ని బోస్టన్‌కే ఇచ్చేసింది. ఆగస్టు 26న ఆగిన చోటి నుంచే ఆట మళ్ళీ మొదలైంది, అంటే బ్యాటింగ్‌లో ఉన్నది లెక్క ప్రకారం ఇంకా జాన్సెనే. అతని బదులు టొరంటో డాల్టన్ వార్షోని పంపింది. బ్యాటర్ వెనక క్యాచర్‌గా మోకాళ్ళ మీద కూర్చున్నది ఎవరు? జాన్సెన్, బోస్టన్ జెర్సీలో. తను వదిలిన బ్యాటింగ్‌ని తనే వెనక నుంచి చూస్తూ బంతి పట్టుకున్నాడు. ఆ మ్యాచ్ బాక్స్ స్కోర్‌లో రెండు టీముల కిందా ఒకే పేరు ఉంటుంది, మేజర్ లీగుల చరిత్రలో అంతకుముందు అలా లేదు. నూటయాభై ఏళ్ళు ఆడిన ఆటలో!

మీరు చేయాల్సింది చాలా చిన్న పని. ఈ వేసవిలో ఒక మ్యాచ్‌కి వెళ్ళండి, స్కోర్‌కార్డు కొనుక్కోండి, పెన్సిల్ తీసుకెళ్ళండి, రబ్బరు ఉన్నదైతే మేలు. పిచర్ 1, క్యాచర్ 2, అలా షార్ట్‌స్టాప్ 6, ఫీల్డర్లకి నంబర్లుంటాయి, 6-4-3 అని రాస్తే బంతి ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్ళిందో పదేళ్ళ తర్వాత చూసినా తెలుస్తుంది. మూడు ఇన్నింగ్స్ రాసేసరికి పక్క సీట్లో పెద్దాయన ఎవరో ఒకరు మీ కార్డులోకి చూసి మాట కలుపుతారు, నాకు అలాగే అబ్బింది ఇదంతా.

రేపటి లంచ్‌కి మాత్రం ఒక ప్రశ్న పట్టుకెళ్ళండి. ఒకే రోజు రెండు ఊళ్ళలో రెండు టీముల తరఫున హిట్ కొట్టిందెవరు? జోయెల్ యంగ్‌బ్లడ్, 1982 ఆగస్టు 4. మధ్యాహ్నం షికాగోలో మెట్స్‌కి ఆడి హిట్ కొట్టాడు, మ్యాచ్ మధ్యలోనే నిన్ను మాంట్రియల్‌కి ఇచ్చేశామన్నారు, విమానమెక్కి ఫిలడెల్ఫియా వెళ్ళి రాత్రి మ్యాచ్‌లో మాంట్రియల్‌కి ఆడి ఇంకోటి కొట్టాడు. ఈ పేరు టేబుల్ దగ్గర ఎవరో ఒకరు చెప్పేస్తారు. అప్పుడు రెండో ప్రశ్న అడగండి: ఆ రెండు హిట్లూ ఏ పిచర్ల బంతుల్లో? మధ్యాహ్నం ఫెర్గసన్ జెంకిన్స్, రాత్రి స్టీవ్ కార్ల్‌టన్, ఇద్దరూ ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు.